అవ్వ తెచ్చిన రొట్టెలు

ఉద్యమంతో కాలేజీ మూతపడింది కదా అని ఈ రోజు నేనూ నా స్నేహితుడూ మొయినాబాద్ దగ్గర, హిమాయత్‌సాగర్ ఒడ్డున గుడారం వేశాం. జాలరినడిగి పుట్టి తీసుకుని పొద్దంతా నీళ్ల మీద తిరిగాం. ఒడ్డుకొచ్చేసరికి గుడారం ముందు ఒక అవ్వ, చేతిలో జొన్నరొట్టెల మూట.

"పోలీసులకు భయపడి గీడ దాక్కున్నరా బిడ్డా? తినుండ్రి. మా మనుమడు యోహాను గూడ జై తెలంగాణ అనుకుంట పట్నం పోయిండు. పది దినాలాయె, ఇంటికి రాలే. మీకేడన్న కనవడ్డడా?"

షికారుకొచ్చామని చెప్పడానికి నోరు రాలేదు.

"లేదవ్వా," అన్నాను.

"మీరన్నా జర పైలం," అంటూ, మేం తినేదాకా కూర్చుంది.

ఉద్యమానికి నేను చేసిందల్లా, యోహాను తినాల్సిన రొట్టెలు తిని రావడం. మీరైతే ఆమెకు నిజం చెప్పేవారా?