రెండో చెవి

మా వంటింట్లో పోపుల డబ్బా పక్కన ఒక తెల్ల పెట్టె ఉంది. అరచేతిలో పట్టేంత. దానికి నెట్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు. లోపల గోరంత చిప్ ఒకటి తనంతట తనే విని, అర్థం చేసుకుని, జవాబు చెబుతుంది. పిట్ట కొంచెం కూత ఘనం. వీధి తలుపు తీస్తే "ఎవరో వచ్చారు" అంటుంది. పొయ్యి మీద నీళ్ళు కాగితే "నీళ్ళు మరుగుతున్నాయి" అంటుంది. కుక్కర్ కూతకో, నా గొణుగుడుకో తికమకపడితే "మీరు చెప్పింది నాకు వినబడలేదు, మళ్ళీ చెప్పండి" అంటుంది. ఆ గొంతు నాది. నా గొంతుకి నేనే ఉలిక్కిపడి చేతిలో గరిటె కింద పడేసిన రోజులున్నాయి.

నేను డబ్బింగ్ చెబుతాను. తెలుగు రాని హీరోయిన్ల నోట్లో నా తెలుగు పెట్టి ఇరవై ఏళ్ళు బతికాను. ముందు హీరోయిన్లకి, తర్వాత వాళ్ళ వదినలకి, ఇప్పుడు వాళ్ళ అత్తలకి. వయసు మొహంలో కనబడక ముందే గొంతులో వినబడుతుందట. ఆ సంగతి నాకు చెప్పిన కుర్రదర్శకుణ్ణి నేనింకా క్షమించలేదు.

ఆ ఇరవై ఏళ్ళూ రికార్డింగ్ గది గ్లాసుకి అవతల కూర్చుని నన్ను రికార్డు చేసింది ఒక్కడే మనిషి. రహమత్ నగర్‌లో పుట్టి పెరిగిన సౌండ్ ఇంజనీరు. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. టేక్ వినేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు. "బొమ్మ మోసం జేస్తది చెల్లె, చెవి చెయ్యదు" అనేవాడు. నేనెంత ప్రాణం పెట్టి చెప్పినా కళ్ళు తెరిచి "వన్ మోర్" అనడమే. ఒక్క టేక్‌తో నన్ను వదిలిన పాపాన పోలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది. "నీ పెళ్ళిలో తాళి కూడా వన్ మోర్ కట్టావా అన్నా" అని దెప్పేదాన్ని. నవ్వేవాడు, మళ్ళీ చెప్పించేవాడు.

ఒకరోజు ఏడుపు సీను మధ్యలో నాకు పొలమారింది. గట్టిగా దగ్గాను. "ఓకే, మంచిగొచ్చింది. వన్ మోర్" అని అటునుంచి వినబడింది. దగ్గు ఊసే లేదు. తలెత్తి గ్లాసులోంచి చూశాను. ఆయన చూపు నా పెదాల మీద ఉంది. టేక్ వినేటప్పుడు ఆయన కళ్ళు మూసుకోవడం మానేసి చాలా నెలలైందని అప్పుడు తట్టింది.

నిలదీస్తే మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి చెప్పాడు. రెండు చెవులూ పోతున్నాయి. చెవి లోపల మిషను పెట్టే ఆపరేషన్ ఉంది, ఆలస్యం చేసిన కొద్దీ ఫలితం తగ్గుతుందన్నాడట డాక్టరు. ఒక చెవికి సరిపడా డబ్బు ఆయన కూడబెట్టి ఉంచాడు.

"మరింకేం అన్నా, చేయించుకో" అన్నాను.

"ఒక్క చెవంటే మోనో చెల్లె. ఏ శబ్దం ఏ దిక్కుకెళ్ళి వస్తుందో తెల్వకపోతే నేనేం ఇంజనీరును? రెండూ ఒక్కసారే చేపిచ్చుకుంట. జర ఆగుత."

ఎవ్వరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు మాత్రం నిలబెట్టాను.

ఆ రోజుల్లోనే ఈ చిప్‌లు చేసే కంపెనీ పని మా ఇద్దరికీ వచ్చింది. మూడు రోజులపాటు చిన్నచిన్న వాక్యాలు. తలుపు తెరిచి ఉంది, పాలు పొంగుతున్నాయి, మందు వేసుకునే టైమైంది. అన్న హెడ్‌ఫోన్ శబ్దం మొత్తం పెంచుకుని విన్నాడు. "మీరు చెప్పింది నాకు వినబడలేదు" అన్న వాక్యం దగ్గర ప్రాణం తీశాడు. ఎన్ని టేకులో లెక్కలేదు. "విసుగు రావొద్దు చెల్లె. తప్పు అవతలోళ్ళది కాదు, నీ చెవిదే అన్నట్టు చెప్పాలె" అన్నాడు. ఆ మాట ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలుసు కాబట్టి ఆ ఒక్కరోజు నేను దెప్పలేదు.

పని అయ్యాక కంపెనీ వాళ్ళు నన్ను పక్కగదిలో కూర్చోబెట్టి, ఈ సంగతి బయట మాట్లాడనని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నమూనాకని ఒక పెట్టె చేతిలో పెట్టారు. టీ ఇచ్చారు. అంతే. ఆ చిప్ ఎవరికి అమ్ముతారో, ఎవరితో చేతులు కలుపుతారో వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు. నాకు తెలిసింది గుండుసున్నా.

మా డబ్బింగ్ థియేటర్ మెట్ల కింద మధ్యాహ్నం కారియర్లు విప్పే జట్టు ఒకటి ఉండేది. భీమవరం వైపు నుంచి వచ్చిన ప్రొడక్షన్ మేనేజరు మా అందరికీ పెద్ద. అందరి ఫోన్లలోనూ షేర్ల యాప్ ఉంది. ఆ చిప్ కంపెనీ షేరు చిన్నది, మా బోటి వాళ్ళకి అందేది. పెద్ద ఫోన్ల కంపెనీ ఏదో దానితో కలుస్తోందని పుకారు. ఏ కంపెనీ అన్నది రోజుకో మాట. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. చిప్‌లో ఏముంది, అది పనిచేస్తుందా అని మాలో ఒక్కరూ అడగలేదు. ఎందుకడుగుతాం? ఫిల్మ్ నగర్‌లో కథ ఎవరు అడుగుతారు గనక. ఫలానా హీరో ఫలానా దర్శకుడు కలుస్తున్నారంటే చాలు, కాంబినేషన్ వినే అడ్వాన్సులు ఇచ్చేస్తారు. మేం షేర్లూ అలాగే కొన్నాం.

మా దగ్గర ఇంకో అలవాటు ఉంది. "నన్నడక్కండి, సంతకం పెట్టాను" అని ఎవరైనా అంటే అవునని అర్థం. "అలాంటిదేమీ లేదు" అని ప్రకటన ఇస్తే ఖాయమని అర్థం. ముందు కాదని ఖండించి, తర్వాత కొబ్బరికాయ కొట్టిన సినిమాలు మేం బోలెడు చూశాం.

ఒక మధ్యాహ్నం మేనేజరు నా వైపు తిరిగాడు. "ఏమండీ, మీరు వాళ్ళకి వాయిస్ చెప్పారంట గదా. ఆ ఫోన్ల కంపెనీ ఏంటో మీకు తెలిసే ఉంటదండీ."

అందరూ ముద్ద ఆపి నన్నే చూశారు. నేను నోరు తెరుస్తానేమోనని నలుగురు ఎదురుచూసి ఎన్నేళ్ళయిందో. నాకేమీ తెలియదని చెబితే సరిపోయేది. అదే నిజం కూడా. నేను పచ్చడి కలుపుకుంటూ, కొంచెం నవ్వి, "నన్నడక్కండి బాబూ, సంతకం పెట్టాను" అన్నాను. పాత హీరోయిన్ గొంతుతో అన్నాను. ఆ గొంతు అంత బాగా పలికి చాలా కాలమైంది. నా మీద నాకు ముచ్చటేసింది, సిగ్గులేకపోతే సరి.

అన్న ఎదురుగా కూర్చుని నా పెదాలు చూస్తున్నాడు.

నాలుగు రోజుల తర్వాత చేతులు కడుక్కునే చోట నా పక్కకి వచ్చాడు. "ఆపరేషన్ పైసలు మొత్తం ఆ షేర్లల్లనే పెట్టిన చెల్లె. కలిసిన్రని వార్త వచ్చిన రోజే అమ్మేస్త. రెండో చెవి కూడ వస్తది" అన్నాడు. నాకేమీ తెలియదని చెప్పెయ్యాలనుకున్నాను. కానీ షేరు పెరుగుతోంది, జట్టంతా నాకు రోజూ ముందు వడ్డిస్తోంది. నిజంగానే కలుస్తారేమో, ఎవరికి తెలుసు అనుకున్నాను. నా అబద్ధాన్ని నేనే కొనుక్కున్నాను.

తర్వాత కంపెనీ ప్రకటన వచ్చింది. ఎవరితోనూ అలాంటి చర్చలేవీ జరగడం లేదని. మెట్ల కింద పండగ చేసుకున్నారు. "ఖండించారంటే ఇంక అయిపోయినట్టేనండీ" అని మేనేజరు అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. ఒక్కరూ అమ్మలేదు.

అన్న మాత్రం బజ్జీ ముట్టలేదు. నన్ను మెట్ల పైకి తీసుకెళ్ళాడు. "వీళ్ళ సంగతి ఇడిసిపెట్టు. నువ్వు చెప్పు చెల్లె. అమ్మమంటవా, ఉంచమంటవా?" ఆయన మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. రెప్ప వేయకుండా నా నోటికేసి చూస్తున్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. జారిన మాట తీసుకునే వీలు నాకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"మన దగ్గర ఖండించనిది ఏదుంది అన్నా" అన్నాను.

ఆయన తలూపి కిందికి వెళ్ళి బజ్జీ తీసుకున్నాడు.

కంపెనీ చెప్పింది నిజమే. సినిమావాళ్ళు కాని మనుషులు లేదంటే లేదనే అర్థం, అంతే. వారం తిరక్కుండా షేరు పడిపోయింది. ఇవాళ కాకపోతే రేపు లేస్తుందని అందరూ ఆగారు, అది లేవలేదు. "ఫ్లాపండీ, ఏం చేస్తాం" అని మేనేజరు ఇంకో కాంబినేషన్ వెతుక్కున్నాడు. అన్నకి మిగిలింది ఒక చెవికి కూడా చాలదు. మళ్ళీ కూడబెట్టేలోగా వినికిడి పూర్తిగా పోయింది. థియేటర్ వాళ్ళు ఇంకొకర్ని పెట్టుకున్నారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. సంతకం పెట్టానని కదా నేనన్నది, అందులో అబద్ధం లేదు కదా.

కొత్త ఇంజనీరు మంచివాడు. మొదటి టేక్‌కే "సూపర్ మేడం" అంటాడు. నేను మైకు ముందు నుంచి కదలను. గ్లాసు అవతల ఎవరూ అనని మాట నాకు వినబడుతుంది. ఒకసారి నిజంగానే విన్నాననుకుని మళ్ళీ మొత్తం డైలాగు చెప్పాను. ఆ అబ్బాయి భయపడి హెడ్‌ఫోన్ తీసి నా వైపు చూశాడు.

ఇంట్లో ఇంకా అన్యాయం. శ్రీనగర్ కాలనీలో మా వంటింట్లో పొద్దున కూరగాయలు తరుగుతూ అన్నకి చెప్పాల్సిన మాటలు పైకి అనుకునేదాన్ని. అన్నా, ఆ రోజు నాకేమీ తెలియదు, తెలిసినట్టు నటించాను. అరమీది పెట్టె ఓపిగ్గా, విసుగు లేకుండా, ఆయన నేర్పినట్టే అనేది: "మీరు చెప్పింది నాకు వినబడలేదు, మళ్ళీ చెప్పండి." మళ్ళీ చెప్పేదాన్ని. మళ్ళీ అదే అనేది. పారేద్దామని చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళాను కూడా. నా చేత్తో నా గొంతుని, అందులో ఆయన చేసిన చివరి పనిని పారెయ్యలేక తెచ్చి అక్కడే పెట్టాను.

ఈ మధ్య ఒక ఆదివారం పొద్దున రహమత్ నగర్ వెళ్ళాను. ఇరుకు సందు, పై వాటా. వదిన తలుపు తీసింది. "పెదవులు జూసి అన్నీ పట్టేస్తున్నడమ్మా. నీ పెదాలైతే ఇంక అల్కగ పట్టేస్తడు" అని చెప్పి టీ పెట్టడానికి లోపలికి పోయింది. అన్న కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది. "ఎన్నొద్దులైంది చెల్లె" అన్నాడు, అవసరమైనదానికన్నా గట్టిగా.

ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. వెలుతురు నా మొహం మీద పడేలా జరిగాను. "అన్నా, ఆ కంపెనీ గురించి ఆ రోజు నాకేమీ తెలియదు" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

పెదాలు చూసి వినే మనిషి కళ్ళు మూసుకుంటే ఇంక ఎవరికి చెప్పను? ఆగిపోవాల్సింది. ఆగలేదు. నలుగురూ నన్ను చూశారని, అది నాకు బాగుందని, మెట్ల మీద నువ్వడిగినప్పుడు అమ్మెయ్యమని చెప్పగలిగి కూడా చెప్పలేదని, నీ చెవులు నేనే పోగొట్టానని, చివరిదాకా పైకి చెప్పాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆయన మాత్రం పాత రోజుల్లో టేక్ వింటున్నప్పటిలాగే, తల కొంచెం పక్కకి వాల్చి, కదలకుండా కూర్చున్నాడు.

నేను ఆపిన కాసేపటికి కళ్ళు తెరిచాడు.

"ఓకే చెల్లె. వన్ మోర్ వద్దు" అన్నాడు.

ఇరవై ఏళ్ళలో ఆయన నన్ను ఒక్క టేక్‌తో వదిలేసింది అదే.