కుంకుడుకాయల బేరం

మనవరాలు ఇంటర్నెట్ ఆటలో అడవికి వెళ్ళి, కట్టెలు కొట్టి, తనలాగే ఆడేవాళ్ళకు అమ్ముతోంది. కరెంటు దండగని తిట్టబోయి, "ఫారెస్టు గార్డు పట్టుకోడా పాపా?" అన్నాను.

"ఆటలో గార్డు లేడవ్వా!" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. చిన్నప్పుడు వత్తల్‌మలై అడవిలో అమ్మా నేనూ కుంకుడుకాయలు ఏరుతుంటే ఎండుటాకుల మీద బూట్ల చప్పుడు వినిపించింది. గార్డు! అమ్మను పట్టుకుపోతాడని పొదలో దాక్కుని, నోట్లో పావడ కుక్కుకుని ఏడ్చాను.

"కాయలు మంచివేనా? మా ఇంట్లో ఆమె అడిగింది," అన్నాడు గార్డు.

"మంచివే సామీ, తీసుకోండి," అంటూ అమ్మ అతని సంచి నిండా పోసింది.

అతను వెళ్ళాక నన్ను బయటికి లాగి, "ఎందుకే ఏడుపు? కొనేదానికి వచ్చినాడు, పోయినాడు," అంది. మంచివాడే అనుకున్నాను.

అమ్మ చేతిలో అతను ఏమీ పెట్టలేదని చాలా ఏళ్ళకు గాని నాకు తట్టలేదు.