అరికాళ్ల వెన్నుపోటు

స్నానాలగదిలో ధబ్బుమంది. వెంటనే బకెట్ దొర్లిన మోత, ఆ వెనకే తిట్లు. మొహం నిండా సబ్బునురగతో గోడ పట్టుకుని లేచాడు స్తంభం. ఏళ్ల తరబడి కూర్చోకుండా క్షవరాలు చేస్తున్నందుకు వీధి పెట్టిన పేరది.

"మళ్లీ కళ్లు మూశారా?" తలుపు బయటనుంచి భార్య.

"లేకపోతే సబ్బు కళ్లలో కొట్టుకోమంటావా?"

"కూర్చుని పోసుకోమంటే వింటేనా! స్తంభం కదా మరి!"

డాక్టరు చెప్పనే చెప్పాడు. మనిషి నిటారుగా నిలబడ్డా గాలికి గడ్డిపోచలా లోలోపల ఊగుతూనే ఉంటాడట. ఎటు ఒరుగుతున్నాడో అరికాళ్లు, కళ్లు, లోపలిచెవి కబురందిస్తుంటే, పిక్కలు పట్టి లాగి నిలబెడతాయట. షుగరు అతని అరికాళ్లను మొద్దుబరిచింది. ఇక నేల కబురు కళ్లే మోసుకురావాలి. కళ్లు మూస్తే నేల లేదు.

స్తంభానికి ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లు నమ్ముకున్న కాళ్లే ఇలా చేస్తాయా?

"అన్నయ్యా, కత్తి నాకిచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చో," అన్నాడు తమ్ముడు దుకాణంలో.

"నీ బోడి సలహా! నువ్వు కత్తి పడితే గడ్డాలు భయంతో లోపలికి పెరుగుతాయి."

మెట్ల కింద, కిటికీ లేని దుకాణం. ఆ రాత్రి ఓ పెద్దాయన మెడ మీద కత్తి నడుస్తుండగా కరెంటు పోయింది. చీకటి నల్లటి నీళ్లలా నిండింది. కాళ్ల కింద ఏమీ లేదు. ఎడమచేయి పెద్దాయన తలను గట్టిగా పట్టుకుంది. కుడిచేయి, ఎవరూ అడక్కుండానే, పడబోయేవాడి చేయిలా గాల్లోకి చాచుకుంది, కత్తితో సహా. మెడవైపు కాదు, బయటివైపు. అది పనితనం కాదు, అదృష్టం. ఆ సంగతి అతనొక్కడికే తెలుసు.

కరెంటు వచ్చింది. "తల ఊడబీకుతావేంట్రా!" అని నవ్వాడు పెద్దాయన.

స్తంభం కత్తి మడిచి, కొట్టినట్టుగా తమ్ముడి అరచేతిలో పెట్టాడు. "పట్టు. కత్తెర మాత్రం నాది. ముట్టుకున్నావో, చెయ్యి విరిచేస్తా."

ఇదంతా విని రాస్తానన్న మనిషిని గుమ్మం దాకా తరిమినట్టే సాగనంపి, వేలు చూపించాడు:

"కాళ్లు మోసం చేశాయని రాసుకో. కత్తి నేనే ఇచ్చానని రాసుకో. 'పాపం' అని మాత్రం రాశావంటే, నీ గడ్డం నేనే గీస్తా, కళ్లు మూసుకుని!"