పైవాటా సంగతి నాకంటే ముందే తెలిసినవాడు

మా పైవాటాలో నాలుగేళ్లుగా ఒక కుటుంబం అద్దెకుంటోంది. ఈ ఉదయం ఒకతను వచ్చి, అద్దె ఇళ్ల బాగోగులు చూసిపెట్టడమే తన పని అన్నాడు.

"పైవాటా వచ్చే నెల ఖాళీ అయిపోతాది కదండీ. తాళాలు నాకిచ్చీండి మామ్మగారూ, బేగి కొత్తోల్ని అద్దెకి ఎడతాను."

ఖాళీ అవుతోందని అప్పటికి నాకే తెలియదు. అతణ్ణి వరండాలో కూర్చోబెట్టి, పైకి వెళ్లి ఆ ఇల్లాలిని అడిగాను. ఆమె తల దించుకుంది.

"రేపు సెప్దామనుకున్నామండి. బలిఘట్టంలో వేరే ఇల్లు సూసేం."

"ఎవరు చూపించారు?"

"కింద కూకున్నారు కదండీ, ఆయనే."

నేను దిగి వచ్చేసరికి అతను మా గేటు గడియ పరీక్షిస్తూ, మార్పించాలండీ అన్నాడు. ఆ మాట మాత్రం నిజం. రేపే మార్పిస్తున్నాను, లోపలివైపుకి.

ఇల్లు ఖాళీ చేయించినవాడే నింపుతానంటే, మీరైతే తాళాలిస్తారా?