భూషణప్ప చేయి ఎందుకు పట్టుకునేవాడంటే

ఫ్రీజరులోంచి అప్పుడే తీసిన ఎండు మిరపకాయకు వాసన ఉండదు. నా భార్య లలిత బ్యాడగి కాయలను డబ్బాలో పోసి, మూత బిగించి ఫ్రీజరులో దాస్తుంది. నిన్న చారు పోపుకు రెండు కాయలు అడిగింది. తీసి అరచేతిలో పెట్టుకున్నాను. మొదట గాజు పెంకులా బిరుసుగా, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి. నిమిషం గడిచి చేతి వేడి తగిలాక మెత్తబడి, ఉన్నట్టుండి ఘాటు ముక్కుకెక్కింది. తుమ్ముతూ కిటికీ దగ్గరికి వెళ్ళాను. బయట సన్నటి జల్లు. కెనడా పడమటి తీరంలోని ఈ చిన్న ఊళ్ళో జనవరిలో కూడా గడ్డి పచ్చగా ఉంటుంది. చలి ఉంది కాని కొరకదు. పోయేవాడివి ఇలాంటి ఊరు చూసుకొని పో అని పన్నెండేళ్ళ క్రితం బళ్ళారిలో ఒక మనిషి నాకు చెప్పాడు. ఆయన మాట వినలేదు. వినకపోవడమే కాదు, నలుగురిలో ఆయనను దొంగను చేశాను. ఆయన పేరు భూషణప్ప. ఆయనను అసలు ఎరగనివాళ్ళ కోసం, అంతకంటే ముఖ్యంగా నా వల్ల తప్పుగా ఎరిగినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

బళ్ళారి ఊరి బయట ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో ఆయన సూపర్‌వైజరు, నేను యంత్రాలు నడిపే ఆపరేటరును. బయట నలభై రెండు డిగ్రీల ఎండ, లోపల ఆరు డిగ్రీలు. ఎండాకాలంలో కాయలు తెచ్చిన రైతులు పని అయిపోయినా కదిలేవారు కారు. మూటలు నిలవచేసే చాంబర్ తలుపు తెరిచినప్పుడల్లా వచ్చే గాలి కోసం గేటు దగ్గరే కూర్చునేవారు. చలి అంటే మా ప్రాంతం వాళ్ళకు భయం లేదు. అది ఉన్నవాళ్ళు కొనుక్కునే సుఖం. పెళ్ళికి పోతే ఏసీ గదిలో పదహారు మీద పెట్టి, దుప్పటి కప్పుకొని మురిసిపోయే జనం మేము. నేనూ అంతే, చాంబర్‌లోకి పలచటి చొక్కాతో పోయి వచ్చి దాన్నో ఘనతలా చెప్పుకునేవాణ్ణి. భూషణప్ప ఒక్కడే మిట్టమధ్యాహ్నం భుజాన నల్ల గొంగడి వేసుకొని గేటులోకి వచ్చేవాడు.

"ఏం సారూ, మీ ఇంటికాడ మంచు కురుస్తాండాదా?" అని అరిచేవాడు హుసేని. అతను హమాలీల మేస్త్రి.

"నవ్వప్పా, నవ్వు. లోపల ఒక గంట ఉండి వచ్చినాక నవ్వు. పండ్లు కొట్టుకోకుండా నవ్వినావంటే ఈ గొంగడి నీకే ఇచ్చేస్తా."

"వద్దు సారూ, అది కప్పుకుంటే మా ఇంటిది గొర్రెల్లోకి తోలేస్తాది."

భూషణప్ప పెట్టిన పద్ధతి ఒకటుండేది. ఎవరూ ఇరవై నిమిషాలకు మించి లోపల ఉండకూడదు. వచ్చినవాడు నేరుగా ఎండలోకి పోకూడదు, రెండు తలుపుల మధ్య ఉన్న చిన్న గదిలో కాసేపు నిలబడాలి. అక్కడ ఆయన మన చేతులు రెండూ పట్టుకొని, వేళ్ళ కొసలు ఒక్కొక్కటే నొక్కి చూసి వదిలేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. ఆయన స్వభావమే అంత, పద్ధతి చెప్తాడు, కారణం చెప్పడు. కారణం హుసేని కనిపెట్టాడు. "వాసన పడతాండాడప్పా. ఎవడు మూట విప్పి కాయ దాసినాడో చేయి చెప్తాది. మనమంతా దొంగలమే ఆయప్పకు." నాకూ అదే నిజమనిపించింది. ఒళ్ళు మండేది.

నాకు ఒళ్ళు మండడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది అప్పట్లో లలితకు కూడా చెప్పలేదు. చాంబర్‌లో పది నిమిషాలు గడిస్తే నా వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లబడేవి. గిల్లుకున్నా తెలిసేది కాదు. బయటికి వచ్చాక నీలంగా మారి, తర్వాత ఎర్రబడి, సూదులతో పొడిచినట్టు నొప్పి. చలి పడని ఆపరేటరును ఏ కోల్డ్ స్టోరేజీ ఉంచుకుంటుంది? అందుకే తలుపు దగ్గరికి రాకముందే చేతులు చంకల్లో పెట్టుకొని, రుద్దుకొని, భూషణప్ప పట్టుకోగానే లాక్కునేవాణ్ణి. ఆయన ఏమీ అనలేదు కాబట్టి ఆయనకు తెలియలేదని అనుకున్నాను.

నేను చేరి ఏడాది తిరగకముందే ఆయన నా పని మార్చాడు. రెండు గంటలకొకసారి లోపలికి పోయి, అంతస్తుకొకటి చొప్పున వేలాడే థర్మామీటర్లు చూసి రిజిస్టరులో రాయడం ఆపరేటరు పని. "నువ్వు మిషన్ కాడనే ఉండు శేఖరా. ఆ కంప్రెసరు సద్దు నాకు నచ్చలేదు. లోపల నేను చూసుకుంటాలే," అన్నాడు. కంప్రెసరు సద్దులో ఏ తేడా లేదు. అది నాకంటే ఎవరికి తెలుసు? అప్పటి నుంచి ఆయనే టార్చి పట్టుకొని, గొంగడి కప్పుకొని ఒంటరిగా చాంబర్‌లోకి పోయేవాడు. రిజిస్టరు ఆయన దగ్గరే ఉండేది, ఆరో ఏట ఒకరోజు తెరిచి చూశాను. అంకెలు ఆయన దస్తూరీలో ఉన్నాయి. చూసినవారి పేరు దగ్గర 'శేఖర్' అని ఉంది.

"నా పేరెందుకు రాస్తారు సారూ?"

"ఉండనీలేప్పా. సావుకారు చూస్తాడు. నీ పేరే ఉండాల."

ఆ మాటకు నాకు నిద్ర పట్టలేదు. ఆ ఏడు రైతులు మూటల తూకం తగ్గిందని గొడవ పడుతున్నారు. మిరపకాయ నిలవలో ఆరి తరుగుతుందని నాకు తెలుసు. అయినా తెలిసిన సంగతి మీద కంటే అనుమానం మీదే నాకు నమ్మకం ఎక్కువైంది. లోపలికి ఒక్కడే పోతాడు, పేరు నాది రాస్తాడు. రేపు లెక్క తప్పితే ఎవరిని అడుగుతారు? ఆయన గొంగడి లోపలికి పోయేటప్పుడు ఎంత లావుగా ఉంది, వచ్చేటప్పుడు ఎంత లావుగా ఉంది అని చూడడం మొదలుపెట్టాను. నిజం చెప్తున్నాను, కొన్ని రోజులు అది లావెక్కినట్టే కనిపించింది.

ఆ రోజుల్లోనే కెనడా మాట వచ్చింది. బెంగళూరు ఏజెంటు రెండు ఉద్యోగాలు చూపించాడు. ఒకటి నడిదేశపు మైదానంలో, మాంసం నిలవచేసే పెద్ద గోదాములో. జీతం ఎక్కువ. రెండోది సముద్రం ఒడ్డున, చేపల గోదాములో. జీతం తక్కువ, ఏడాదంతా ముసురు. కోల్డ్ స్టోరేజీలో ఆరేళ్ళు చేసినట్టు ఉత్తరం కావాలి. దాని కోసం భూషణప్ప దగ్గరికి పోయాను. మర్నాడు ఆయన ఎక్కడి నుంచో ఒక చిరిగిన బడి అట్లాసు తెచ్చి, బల్ల మీద పరిచి, రెండు ఊళ్ళ మీదా వేలు పెట్టించుకున్నాడు.

"ఈ నడుమ ఊర్లో చలికాలం ఎంతుంటాదంట?"

"సున్నాకు కింద ముప్పై దాకా పోతుందంట సారూ. మనకేం, బళ్ళారోళ్ళం. ఇన్నాళ్ళు కాగింది చాలదా, కొంచెం చల్లబడతాం."

ఆయన నవ్వలేదు. "సముద్రం పక్కది తీసుకో. నీళ్ళ పక్కన చలి మెత్తగుంటాది. నీకు అదే సరి."

"జీతం తక్కువ కదా సారూ."

"తక్కువైతే ఏమాయె? నీకు ఆ ఊరే సరి అంటాండా కదా."

'నీకు' అని రెండుసార్లు అన్నాడు. నాకెందుకు తక్కువది? సాయంత్రం హుసేనితో చెప్తే అతను బీడీ పారేసి దగ్గరికి జరిగాడు. "ఆయప్ప అల్లుడు తెక్కలకోటలో ఉండాడు చూడు, వాడూ ఫారిన్ పోవల్లని తిరుగుతాండాడంట. పెద్దది వానికి, చిన్నది నీకు. అర్థమాయెనా?" అర్థమైందనుకున్నాను. ఆ అల్లుడు లారీ నడిపేవాడని, వాడికి పాస్‌పోర్టే లేదని తర్వాత తెలిసింది. ఆ రోజే అడిగి ఉంటే ఆ రోజే తెలిసేది.

వారం లోపల నేనే వెళ్ళి సావుకారు గదిలో నిలబడ్డాను. మా యజమానిని అందరం అలాగే పిలిచేవాళ్ళం.

"భూషణం ఒక్కడే పోతాడా లోపలికి?"

"ఒక్కడే."

"పేరు నీది రాస్తాడా?"

"నాదే రాస్తాడు సావుకారూ."

రెండూ నిజాలే. దొంగ అనే మాట నా నోటి నుంచి రాలేదు. చాలా ఏళ్ళు దాన్ని అడ్డం పెట్టుకొనే బతికాను. సావుకారు భూషణప్పను పిలిపించి, రిజిస్టరు ముందుకు తోసి ఎందుకని అడిగాడు. ఆయన నా వైపు చూశాడు. నా ముఖం కాదు, ప్యాంటు జేబుల్లో ఉన్న నా చేతులు చూశాడు. నా అనుభవం ఉత్తరం ఇంకా సావుకారు సంతకం కాకుండా అదే బల్ల మీద ఉంది. "రాసినా సావుకారూ. ఎందుకు రాసినానో చెప్పడానికి లేదు," అన్నాడు. అంతే. ఇరవై ఏళ్ళు చేసిన చోటు నుంచి ఆ మధ్యాహ్నమే వెళ్ళిపోయాడు. హమాలీలంతా ఎండలో వరుసగా నిలబడి చూశారు. ఎవరూ పరిహాసం ఆడలేదు. నా దగ్గరికి వచ్చినప్పుడు అలవాటుగా చేయి చాచాడు. నేను ఇవ్వలేదు.

మైదానంలో ఉద్యోగమే తీసుకున్నాను. మొదటి చలికాలంలో గోదాము కప్పు మీద ఫ్యాను బాగుచేస్తూ, బోల్టు బిగించడానికి చేతి తొడుగు తీశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఎడమ ఉంగరపు వేలు కొస నల్లబడింది, దక్కలేదు, తీసేశారు. కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ నా మిగతా వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆ నొక్కడం నాకు తెలుసు. ఇది చలికి వేళ్ళకు నెత్తురు అందని పాత జబ్బేనని, ఈ చేతులతో ఆరేళ్ళు చల్లటి గదుల్లో పనిచేసి వేళ్ళు ఎలా దక్కించుకున్నావని అడిగింది. ఇంటికి వచ్చి లలితకు మొత్తం చెప్పాను. "అయితే ఆయప్ప నీ చలంతా ఆయనే మోసినాడా?" అంది. మరుసటి ఏడు ఈ తీరానికి మారాం.

ఆయనను చూడడానికి నాకు మరో ఎనిమిదేళ్ళు పట్టింది. బళ్ళారి దగ్గర సిరిగేరిలో తమ్ముడి ఇంట్లో ఉన్నాడని తెలిసి వెళ్ళాను. వరి కోతల కాలం. వాకిట్లో నులక మంచం మీద ఆ నల్ల గొంగడి పరుచుకొని కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టి, ఏం కావాలని వచ్చాడు వీడు అన్నట్టు ఎగాదిగా చూశాడు. ఆ చూపు నాకు తగినదే. నేను మాట మొదలుపెట్టకముందే, "చేయి చూపీ," అన్నాడు. పొట్టి వేలు దగ్గర ఆయన వేళ్ళు ఆగిపోయాయి.

"రెండు ఊళ్ళు ఉండె. ఒకటే కదప్పా పోవద్దంటి."

తప్పయిందని ఏడ్చాను. సావుకారుతో అప్పుడే నిజం ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నీ ఉత్తరం వచ్చేదా?" అన్నాడు విసుగ్గా. "ఇప్పుడు నాతో చెప్పి ఏం లాభం? నేను దొంగను కాదని నాకు తెలుసు. తెలీనోళ్ళకు చెప్పుపో."

క్షమించాననలేదు. కాఫీ మాత్రం తాగించి పంపాడు. సావుకారు అప్పటికే పోయాడు. కోల్డ్ స్టోరేజీ చేతులు మారింది. హుసేని ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియలేదు. చెప్పవలసిన మనుషులు చెదిరిపోయాక ఇలా అచ్చులో చెప్పడం తేలిక కాబట్టే చెప్తున్నానా అని నా మీద నాకే అనుమానం. ఆ అనుమానం తీరేలోగా ఆయనకు ఇంకో ఏడు గడిచిపోతుందని, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఇక్కడి చేపల గోదాములో ఇప్పుడు నేను సూపర్‌వైజరును. లోపలి నుంచి వచ్చినవాళ్ళ చేతులు పట్టుకొని చూస్తాను. పోయిన నెల చేరిన ఒకాయన, నా వయసువాడే, చేయి లాక్కొని, ఏం వెతుకుతున్నావు అన్నట్టు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఆరేళ్ళు నా ముఖం మీద ఉన్నదే. నా పొట్టి వేలు ఆయనకు చూపించి కారణం చెప్పాను. అప్పుడు తనంతట తానే చేయి ఇచ్చాడు.

భూషణప్ప మన చేతుల్లో మిరపకాయల వాసన వెతకలేదు. చలి వెతికాడు. నా వేళ్ళలో అది దొరికితే, నా పేరు మీద తానే లోపలికి పోయాడు. ఆ మధ్యాహ్నం ఎండలో వరుసగా నిలబడి ఆయన వెళ్ళిపోవడం చూసినవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, మీ పక్కన నిలబడినవాళ్ళకు కూడా చెప్పండి.