జోడు లేని ఎత్తు

నా చిన్నప్పుడు గౌడవెల్లిలో రాళ్లు నడిచేవి. ప్లాట్ల హద్దులకు పాతే, సున్నం పూసిన రాళ్లు. వాటికి కాళ్లుండవని మా సైన్సు సారు చెప్పేవాడు కానీ, అవి ఒక్కో మెట్టచెలకా దాటుకుంటూ మా గట్టు దాకా వచ్చి ఆగాయి. మర్యాదగా, పిలుపు కోసం చూస్తున్నట్టు.

ఓ సాయంత్రం భూముల బ్రోకరు వచ్చాడు. బండి ఇంజిన్ ఆపకుండానే వాకిట్లో నిలబెట్టి, చాయ్ తాగుతూ కూర్చున్నాడు. చెలక మా తాత పేరు మీద ఉంది. ఆయన వేలిముద్ర పడితే చాలు.

"పక్కోళ్లు అమ్మిండ్రు, ఎనకోళ్లు అమ్మిండ్రు. మనమొక్కలం ఉండి ఏం జేస్తం నాయినా?" అన్నాడు మా బాపు.

తాత చదరంగం పలక తెచ్చి పరిచాడు. "గెల్వు. ఏలిముద్ర ఏస్త."

అవ్వ చేతిలో చాట ఆగిపోయింది. బాపు ఫ్యాక్టరీలో అందరినీ ఓడించే మనిషి. తాత ఆ ఏడు నా మీద కూడా గెలవలేదు. నేనంత గొప్ప ఆటగాణ్ని కాదు.

తాత తెల్లకాయలు తీసుకుని, నడిమి బంట్లను వదిలేసి ఓ పక్క బంటును తోశాడు. బాపు సరిగ్గా దానికెదురు బంటునే తోశాడు. తాత గుర్రం దింపితే బాపూ గుర్రం దింపాడు. పలక మధ్యలో అద్దం పెట్టినట్టుంది.

"నువ్వేసిందే ఏస్త నాయినా. ఎట్ల ఓడిపోత?" అని బాపు నవ్వాడు. బ్రోకరూ నవ్వాడు, అవసరానికి కొంచెం ఎక్కువగా. ఎవరూ తోలకుండానే కోళ్లు గూట్లోకి పోయాయి. తాత మాత్రం వాకిట్లో బండినే చూస్తూ ఆడాడు.

చాలాసేపటికి తాత తన మంత్రిని బాపు రాజు మీదికి దింపాడు. "చెక్. ఇగ ఏయ్ బిడ్డా, నాలెక్కనే."

బాపు చెయ్యి తన మంత్రి దాకా పోయి ఆగింది. రాజు మీదికి వచ్చాక ఎదుటివాడి ఎత్తునే తిరిగి వేయడం కుదరదు. ముందు రాజును కాపాడుకోవాలి. ఆ తర్వాత ఆట ఎంతోసేపు సాగలేదు.

"ముందుగాల ఏసెటోడు యాడికి తోల్కపోతే ఆడికి పోతివి," అన్నాడు తాత కాయలు సర్దుతూ.

"మల్లొస్త తాతా," అని బ్రోకరు లేచాడు. ఆ మాటలో బెదిరింపేమీ లేదు. అందుకే భయమేసింది.

మా చెలక మిగిలింది. పక్క చెలకాయన తన భూమిలో లేచిన అపార్ట్‌మెంట్లకే వాచ్‌మన్‌గా చేరాడు. జాగా బాగా తెలిసినవాడని తీసుకున్నారట.

ఇప్పటికీ ఎవరైనా సంతకానికి కాగితం ముందుపెట్టి "అందరూ చేస్తున్నారు కదా" అంటే, వాకిట్లో ఆగని ఆ ఇంజిన్ చప్పుడు నాకు వినబడుతుంది. పెన్ను మూత మళ్లీ పెట్టేస్తాను.