ఫ్లాషూ, సున్నం మొహాలూ

ఫోటోలో తెల్లగా పడాలని మా వాళ్లు పడ్డ తాపత్రయం బతుకులో ఇంక దేనికీ పడలేదు. పుదుచ్చేరి బజారులో నాయనది ఇత్తడి, స్టీలు పాత్రల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, నడుమ ఒక పెద్ద హాలు. ఆ హాలుకి కిటికీ అన్నది లేదు. పట్టపగలు కూడా ట్యూబులైటు వేస్తే గాని ఎదుటి మనిషి మొహం కనిపించదు. పేరు పెట్టడమైనా, పెళ్లి మాటలైనా అన్నీ ఆ చీకట్లోనే. అందుకే డెబ్బైల చివర్లో మా అక్క మొగుడు కెమెరాకి తగిలించే ఫ్లాష్ ఒకటి పట్టుకొచ్చేసరికి, ఇంటిల్లిపాదీ దేవుడే దిగి వచ్చినట్టు సంబరపడిపోయారు.

బావ కాపురం ఊరి అంచున సారం అనే పేటలో. ఫ్రాన్సు నుంచి సెలవుకి వచ్చిన స్నేహితుడెవరో కెమెరా, ఫ్లాష్ రెండూ ఆయనకి ఇచ్చి పోయాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కానీ మెడలో కెమెరా పడిన రోజు నుంచి కళ్లు నెత్తికెక్కాయి. ఫ్లాష్‌తో పాటు వచ్చిన చిన్న ఇంగ్లీషు పుస్తకాన్ని తెరిచి చూసిన పాపాన పోలేదు. నేను అడిగితే, "దీనికి చదువు యాడ కావాల? నొక్కితే వెలగతాది, అంతే కదా" అన్నాడు.

నొక్కాడు, వెలిగింది. అక్క కూతురికి చెవులు కుట్టించిన నాడు రీలంతా వాయించేశాడు. వారం తరవాత ఫోటోలు వస్తే ప్రతి దాంట్లోనూ సగం బొమ్మ తారు పూసినట్టు నలుపు. నాయన సగం, అక్క సగం. బిడ్డకి చెవి కుడుతున్నది ఏ వైపో సరిగ్గా ఆ వైపే లేదు. బావ ముందు ఫిలింని తిట్టాడు, తరవాత కడిగిన స్టూడియోని తిట్టాడు, చివరికి మా హాలుకే దృష్టి తగిలిందన్నాడు. నేను ఆ చిన్న పుస్తకం తిరగేశాను. ఫ్లాష్ వాడేటప్పుడు షట్టర్ వేగం మార్చే చక్రం అరవై అంకె దాటి ఉండకూడదని రెండో పేజీలోనే ఉంది. దాటితే కెమెరా లోపలి తెర పూర్తిగా తెరుచుకోక ముందే వెలుగు వచ్చి పోతుంది, సగమే పడుతుంది.

"బావా, మీరు రెండువందల యాభైలో పెట్టారు" అన్నాను.

"నువ్వు పోయి ఆఫీసులో టైపు కొట్టుకో మే" అన్నాడు.

అప్పటికి నేను ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టుని. ఆడదానికి, అందులోనూ టైపు కొట్టేదానికి, షట్టర్ సంగతి తెలియడమా! కానీ మరుసటి పండక్కి ఆ చక్రం నోరెత్తకుండా అరవై మీదికి వచ్చి కూర్చుంది. పైగా రాత్రంతా ఆలోచించి తానే కనిపెట్టానని అక్కకి చెప్పుకున్నాడట మహానుభావుడు.

ఇక ఫోటోలు పూర్తిగా పడ్డాయి. పడటమేమిటి, సున్నం కొట్టుకుని పడ్డాయి. నాలుగు అడుగుల దూరంలో నిలబడి నేరుగా మొహానికేసి కొడితే ఇంకేమవుతుంది? ముక్కులు చదునైపోయాయి. నుదుటి మీద నూనె బల్బులా మెరిసింది. ప్రతి తల వెనకా గోడ మీద నల్లటి నీడ ఒకటి అంటుకుంది. దానికి మా వాళ్లు పడ్డ మురిపెం అంతా ఇంతా కాదు. "ఫారినోళ్ల మాదిరి ఉండాము చూడు" అని ఒకరికొకరు చూపించుకున్నారు. ఆ మాట బజారంతా పాకి, ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు అర డబ్బా పౌడరు పూసుకుని వచ్చి బావ ముందు నిలబడ్డారు. పౌడరు మీద ఫ్లాష్! కళ్లూ, బొట్టూ తప్ప ఇంకేమీ మిగలని ఆ కాగితాలను ఫ్రేములు కట్టించుకున్నారు, ఏం చెప్పమంటారు.

అమ్మ మాత్రం వాటిలో ఎక్కడా లేదు. అమ్మది నలుపు, మంచి నిగారింపు ఉన్న నలుపు. నాయన ఎరుపు, అక్కకీ నాకూ ఆయన రంగే వచ్చింది. అమ్మ పుట్టిల్లు కడలూరు దారిలో కిరుమాంబాక్కం. పెళ్లయి ఇంటికి వచ్చిన రోజునే నాయన అక్క, మాతోనే ఉండే మా అత్త, "కిరుమాంబాక్కం ఎండంతా మూట కట్టుకోనొచ్చిందే ఈ పిల్ల" అన్నదట. తమాషాకి అన్నదట. ఆ తమాషా నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. చుట్టం వస్తే ఒకసారి, పండగొస్తే ఒకసారి. నాయన నవ్వేవాడు. తప్పదు కదా, అక్కగారు. బావ కెమెరా తీయగానే అమ్మ "కాఫీ పెట్టాల" అంటూ లోపలికి పోయేది. మొత్తం ఆల్బంలో ఒక ఫోటోలో ఒక మూల లోటా పట్టుకున్న చెయ్యి ఉంది, అంతే. ఆ చెయ్యి అమ్మది.

అమ్మానాయనల పెళ్లికి ఫోటో కూడా తీయలేదు. అందుకని నాయనకి అరవై నిండే నాడు ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక ఫోటో తీసి, పెద్దది చేయించి హాల్లో తగిలించాలని ఇంట్లో అనుకున్నారు. అమ్మ మొహం మా గోడ మీదికి ఎక్కేది అదొక్కసారే. బావ చేతికి దొరికితే సున్నం పూస్తాడు, లేదంటే అమ్మే వంటింట్లోకి జారుకుంటుంది. ఆ ఫోటో నేనే తీయాలి, అమ్మని అమ్మలాగే తీయాలి అని పట్టు పట్టాను. నా అదృష్టం, బావకి అప్పుడే టేపు రికార్డరు పిచ్చి పట్టింది. కెమెరా, ఫ్లాష్ మా ఇంట్లోనే పడి ఉండి నా చేతికి వచ్చాయి.

ఫ్లాష్ తలని మొహానికేసి కాదు, పైకప్పుకేసి తిప్పమని పుస్తకం చెప్పింది. వెలుగు పైన తగిలి మెత్తగా కిందికి దిగుతుందట. ఆ పుస్తకం రాసినవాడు మా ఇల్లు చూసి ఉండడు. మాది పాతకాలపు మిద్దె. పైన ఎక్కడో ఆకాశంలో టేకు దూలాలు, అవీ పొగకి మసిబారినవి. పైకి పోయిన వెలుగు తిరిగి వస్తే ఒట్టు. సరే, పక్క గోడకేసి తిప్పాను. అప్పటికి రంగు ఫిలిం వచ్చేసింది, కడగడానికి మద్రాసు పంపేవాళ్లం. వచ్చిన ఫోటోల్లో అందరూ నీలంగా ఉన్నారు! మా హాలు గోడలకి ముదురు నీలం కొట్టించి ఉంది, ఆ రంగే వెలుగుకి అంటుకుని మొహాలకి పూసుకుంది. అత్త ముందు వరసలో ఉంది కాబట్టి అందరికన్నా బాగా నీలమైంది. ఆ గోడ రంగు ఏరి కోరి ఎంచింది అత్తే. నాకు చల్లగా అనిపించిందని చెప్పడానికి ఏమీ మొహమాటం లేదు.

తెల్లటిది, వెడల్పైనది ఏదైనా కావాలి. దండెం మీద ఉతికి ఆరేసిన నాయన పంచె కనిపించింది. హాల్లో అడ్డంగా తాడు కట్టి దాని మీద పంచె పరిచాను. ఫ్లాష్‌ని పంచెకేసి తిప్పాను. బ్యాటరీలు సన్నగా కీచుమన్నాయి, ఇక కొట్టొచ్చన్నట్టు ఫ్లాష్ వెనక నారింజ దీపం వెలిగింది, నొక్కాను. అంగడిలోంచి తెచ్చిన ఇత్తడి బిందె మీద మొదట చూసుకున్నాను. గుడ్డకి తగిలి వచ్చేసరికి వెలుగు సగానికి సగం పోతుంది, దానికి తగ్గట్టు లెన్సు ఇంకా తెరవాలి. అది తెలుసుకునే లోపల రెండు రీళ్లు పాడయ్యాయి. నాయన, "నా పంచెతో ఏంది మే నీ వేషాలు?" అని విసుక్కున్నాడు. మూడో రీలులో బిందె గుండ్రంగా వచ్చింది, ఒక వైపు వెలుగు, ఒక వైపు నీడ. ఎగిరి గంతేశాను.

తరవాత అత్తని తీశాను. చెంపల మీది ముడతలు, ముక్కుపుడక పక్కన పులిపిరి, కళ్లలోని వెటకారం, ఏదీ పోలేదు. అత్త ఫోటోని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది.

"అడి పాపీ, ఇంత నల్లంగా తీసినావే నన్ను! నేనింత నలుపా?"

బావ టేపు రికార్డరు పక్కన పెట్టి మరీ వచ్చాడు. "లైటు చాల్లా. మొహానికి నేరుగా కొట్టాల" అని తీర్పు చెప్పాడు. ఏడిచినట్టుంది తెలివి! ముక్కు ముక్కులా, చెంప చెంపలా కనిపిస్తే మా ఇంట్లో దాన్ని లైటు చాలకపోవడం అంటారు.

ఆ రీలు చివర్లో ఎలాగో బతిమాలి అమ్మని కూడా పంచె పక్కన కూర్చోబెట్టి తీశాను. నేను తీసిన ఫోటోలన్నిటిలో అంత మంచిది ముందూ లేదు, వెనకా లేదు. అమ్మ రంగు, చెవి కమ్మల మెరుపు, ఏదో అడగబోయి మానుకున్నట్టుండే ఆ పెదవులు. వంటింట్లోకి తీసుకుపోయి చూపించాను. అమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుని, అంచులు పట్టుకుని చూసింది.

"బాగుండాది" అని తిరిగి ఇచ్చేసి, పొయ్యి వైపు తిరిగింది. నాకు ఆ మాట చాలింది.

అరవై నిండిన నాడు హోమం, దండలు, ఆశీర్వచనాలు అన్నీ అయ్యాక నాయననీ అమ్మనీ హాల్లో కుర్చీల్లో కూర్చోబెట్టారు. అత్త వెనక బెంచీ మీద కూర్చుని, "చూస్తావుండండి, ఈ చీకట్లో పక్కన కూచున్నది కనపడాల గదా" అని బావతో అంటోంది. బావ నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నేనేంటో, నా పంచె ఏంటో ఇవాళ చూపిస్తాను అనుకుంటూ తాడు కట్టాను. అమ్మ మెళ్లో దండ సర్దడానికి వంగాను.

"పాపా, ఆ పంచె విప్పేయి" అంది అమ్మ, నాకు మాత్రమే వినిపించేలా.

"ఎందుకమ్మా?"

"మీ బావ మాదిరి తియ్యి. నేరుగా."

"అందులో మొహాలు సున్నమైపోతాయమ్మా. నువ్వు నీలాగ ఉండవు. మొన్న తీసింది చూశావు కదా, ఎంత..."

"నాలాగ ఉండి నాకేమొచ్చె?" అంది. గొంతు పెంచలేదు. "నీది మీ నాయన రంగు. నీకు యాడ తెలుస్తాది? గోడకెక్కించేది గదా ఇది. వచ్చినోళ్లంతా చూసేది. ఆ ఎండ మాట ఇంక నేను గోడ మీద నుంచి కూడా వినాల్నా?"

అమ్మ కళ్లు నా మీదే ఉన్నాయి. వెనక అత్త ఇంకా ఏదో అంటూనే ఉంది. ఆ నిమిషంలో అత్త మీద, నవ్వే బావ మీద, ఏమీ విననట్టు దండ సవరించుకుంటున్న నాయన మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ తగ్గలేదు. పంచె విప్పి, మడిచి పక్కన పడేశాను. ఫ్లాష్ తలని నేరుగా తిప్పాను. ఇంకో రెండు అడుగులు ముందుకు జరిగాను. లెన్సు ఎంత తెరవకూడదో అంతా తెరిచాను. నేర్చుకున్నదంతా తలకిందులు చేసి, నొక్కాను.

మద్రాసు నుంచి ఫోటో వచ్చింది. నాయన మొహంలో ముక్కు లేదు, కాగితం మీద రెండు కళ్లు, ఒక మీసం. అమ్మ పచ్చగా, చదునుగా, ఎవరో దొరసానమ్మలా ఉంది. బావ నా భుజం తట్టి, "ఇప్పుడు నేర్చుకున్నావు" అన్నాడు. అత్త కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు వెతికింది, అనడానికి ఏమీ దొరకలేదు.

అమ్మ ఆ ఫోటోని పడమటింట్లోకి తీసుకుపోయి తలుపు దగ్గర వెలుగులో పట్టుకుని చూసింది. నేను వెనకే నిలబడ్డాను. వేలి కొసతో తన చెంప మీద ఒకసారి, పక్కనున్న నాయన చెంప మీద ఒకసారి తాకింది.

"ఇన్నాళ్లకి మీ నాయన పక్కన కూచునేదానికి నాకు సిగ్గు కాలేదు పాపా" అంది.